బోర్డు ఇస్కూలు

మా అవ్వ మా ఊరి బడిని "బోర్డు ఇస్కూలు" అనేది. చిన్నప్పుడు ఆ మాటకు నాకు తోచిన అర్థం నేనే చెప్పుకున్నాను: లోపల నల్లబోర్డు ఉంది కాబట్టి బోర్డు ఇస్కూలు. పలమనేరు కాన్వెంట్లలో కూడా నల్లబోర్డులు ఉంటాయని తెలిశాక, గేటు మీద పేరు రాసిన రేకు బోర్డు ఉంది కదా, అందుకేమో అనుకున్నాను. ఆ రేకు మీద "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అని ఉండేది. అవ్వ బతికున్నంత కాలం మండల పరిషత్ అనే మాట ఆమె నోట నేను వినలేదు.

2024 ఆగస్టు మొదటి వారంలో మా అక్క ఫోన్ చేసింది. అక్క పలమనేరుకు దగ్గర్లో ఒక పల్లెలో ఉంటుంది. బావ టమోటా పెడతాడు, రెండు ఆవులున్నాయి. పిల్లోడు అక్కడి బడిలోనే నాలుగో తరగతి. బడిలో సార్లు ఇద్దరే. ఒకరు సెలవు పెడితే అయిదు తరగతులూ ఒక్కరి నెత్తిన పడతాయి. అలాంటి రోజుల్లో అక్క పోయి ఒకటో తరగతి పిల్లలతో అక్షరాలు దిద్దించి వస్తుంది. ఆమె ఇంటర్ చదివింది. ఆ పని చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, డబ్బులు కూడా ఎవరూ ఇవ్వరు.

"రేయ్, బడి కమిటీకి నిలబడమంటా ఉండారు. నిలబడేదా, వద్దా?"

నేను బెంగళూరులో ఆఫీసు మీటింగు మధ్యలో ఉన్నాను. మ్యూట్‌లో పెట్టి, "జీతమెంతక్కా?" అని నవ్వాను. అటువైపు కాసేపు మాట లేదు. "నీకు చెప్పినాను చూడు, నాది బుద్ధి తక్కువ" అని పెట్టేసింది.

ఆ రాత్రి, కొంత సిగ్గుతోనే, ఆ కమిటీ ఏమిటో, దానికి ఎవరు ఓటేస్తారో చదవడం మొదలుపెట్టాను. ఒక ప్రశ్న ఇంకో ప్రశ్నలోకి తోసుకుంటూ పోయి 1882 దగ్గర ఆగాను. అవ్వ చెప్పిన బోర్డు అక్కడ దొరికింది.

*

1882లో వైస్రాయి రిపన్ స్థానిక స్వపరిపాలన మీద ఒక తీర్మానం తెచ్చాడు. అదే ఏడాది వేసిన హంటర్ కమిషన్, ప్రాథమిక విద్యను జిల్లా బోర్డులకూ మునిసిపాలిటీలకూ అప్పగించమని చెప్పింది. 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. జిల్లాకొక డిస్ట్రిక్టు బోర్డు, దాని కింద తాలూకా బోర్డులు, వాటి కింద యూనియన్లు. రోడ్లు, ఆస్పత్రులు, సత్రాలు, టీకాలు, బడులు వీటి పని. బోర్డు డబ్బుతో నడిచే బడి జనం నోట్లో బోర్డు బడి అయింది. ఆ పేరు పెట్టినవాళ్లు గేటు వైపు చూడలేదు, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూశారు.

అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, మదనపల్లె కడప జిల్లాలో ఉండేవి. 1911 ఏప్రిల్ 1న రెండు జిల్లాల ముక్కలు కలిపి చిత్తూరు జిల్లా చేశారు. అంతకు ముందు, ఇప్పుడు గంటన్నరలో పుంగనూరు మీదుగా మదనపల్లె చేరే దారి మధ్యలో జిల్లా సరిహద్దు ఉండేది.

సరే, ఆ బోర్డుల్లో కూర్చున్నదెవరు? మొదట్లో జిల్లా బోర్డు అధ్యక్షుడు కలెక్టరే. సభ్యుల్లో చాలామంది ప్రభుత్వం నియమించినవాళ్లు: అధికారులు, జమీందారులు, వకీళ్లు, పెద్ద రైతులు. మెల్లమెల్లగా ఎన్నికలు వచ్చాయి. 1920 నాటి కొత్త లోకల్ బోర్డుల చట్టంతో ఎన్నికైన సభ్యుల పాలు బాగా పెరిగింది. ఆ చట్టం అమలైన తొలి ఏళ్లలో స్థానిక పాలన శాఖ చూసిన మంత్రి, కాళహస్తిలో పుట్టిన పానగల్ రాజా. అదే 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం కూడా వచ్చి, జిల్లాకొక విద్యా మండలిని పెట్టింది. పాశ్చాత్య దేశాల్లో స్కూల్ బోర్డు అనేదానికి మన దగ్గర అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది ఈ మండలే. అందులో కొన్ని సీట్లు స్థానిక సంస్థలు ఎన్నుకునేవి, కొన్ని ప్రభుత్వం నింపేది. తల్లిదండ్రులకు అని ప్రత్యేకంగా సీటేమీ లేదు.

ఓటు కూడా ఆస్తిని, కట్టే పన్నును బట్టే. బోర్డులో కూర్చునే స్థాయి ఉన్నవాళ్లు తమ పిల్లల చదువుకు పల్లె బడి మీద ఆధారపడాల్సిన పని లేదు. ఆ బడి తప్ప దిక్కులేని కూలోడి పేరు ఓటరు జాబితాలోనే లేదు. బడి ఎక్కడ పెట్టాలి, అయ్యవారిగా ఎవరిని వెయ్యాలి, ఏ బడికి డబ్బు ఆపాలి అని నిర్ణయించే చోట, ఆ బడికి బిడ్డను పంపే మనిషి కూర్చోలేదు.

దీనివల్ల ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. చాలా ఊళ్లలో బోర్డు బడి అగ్రహారంలోనో, గుడి పక్కనో, అంటరానివాళ్లని పేరు పెట్టి తోసేసినవాళ్లు అడుగు పెట్టలేని చోట ఉండేది. పుస్తకంలో మాత్రం ఆ బడి అందరిదీ. ఎవరినీ రావద్దని రాసి ఉండదు. బడికి పోయే దారే కొందరిది కాదు, అంతే. ఈ సంగతి ఎం.సి. రాజా లాంటి దళిత నాయకులు మద్రాసు శాసనమండలి దాకా తీసుకుపోవలసి వచ్చింది. తాలూకా బోర్డు గదిలో మాలపల్లె నుంచో మాదిగపల్లె నుంచో ఒక తండ్రి కూర్చుని ఉంటే, "మా పిల్లలు యాడ నుంచి నడిచి రావల్ల సామీ?" అన్న ప్రశ్న అంత దూరం ప్రయాణం చెయ్యాల్సిన పని ఉండేది కాదు.

*

సీటు ఎవరిదనే ప్రశ్నకు ఇంకో కొస ఆడవాళ్లు. దానికోసం కొంచెం దూరం పోవాలి. తిరిగొచ్చేది మదనపల్లెకే.

ఆడవాళ్లకు ఓటు హక్కు చరిత్ర అనగానే మనం పార్లమెంటు, ఊరేగింపులు, జైళ్లు అనుకుంటాం. చాలాచోట్ల ఆ తలుపు మొదట తెరుచుకుంది బడి దగ్గర. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం 1838లోనే గ్రామీణ ప్రాంతాల్లో కొంతమంది వితంతువులకు బడి ఎన్నికల్లో ఓటిచ్చింది. మిగతా ఏ ఎన్నికలోనూ వాళ్లకు ఓటు లేదు. ఇంగ్లండులో 1870 విద్యా చట్టం స్కూల్ బోర్డులు పెట్టి, వాటికి ఆడవాళ్లు నిలబడొచ్చంది. పార్లమెంటుకు ఓటు వెయ్యడానికి వాళ్లు ఇంకో 48 ఏళ్లు ఆగాలి. ఆ ఏడాది నవంబరులో లండన్ స్కూల్ బోర్డుకు జరిగిన తొలి ఎన్నికల్లో డాక్టరు ఎలిజబెత్ గారెట్ మేరీల్‌బోన్ ప్రాంతంలో అందరికన్నా ఎక్కువ ఓట్లతో గెలిచింది. ఎమిలీ డేవిస్ ఇంకో చోట గెలిచింది. అదే బోర్డులో బెంజమిన్ లూక్రాఫ్ట్ అనే వడ్రంగి కూడా ఉన్నాడు. మగవాళ్లు బడి విషయంలో ఎందుకు మెత్తబడ్డారంటే, పిల్లల సంగతి ఆడవాళ్ల సంగతే కదా, అది రాజకీయం కాదు కదా అనుకున్నారు కాబట్టి. ఆ అనుకోవడంలో చిన్నచూపు ఉంది. ఆ చిన్నచూపు సందులోంచే ఆడవాళ్లు లోపలికి నడిచారు.

మదనపల్లెలో ఇదే కథ ఇంకో రకంగా జరిగింది. మార్గరెట్ కజిన్స్ పేరు మా జిల్లాలో చాలామందికి తెలుసు. 1919 ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు జనగణమనకు స్వరాలు రాసిపెట్టిన మనిషిగా తెలుసు. ఆమె ఐర్లండులో 1908లో మహిళల ఓటు హక్కు సంఘం పెట్టినవాళ్లలో ఒకరు, అందుకోసం రెండుసార్లు జైలుకు పోయివచ్చింది. భర్త జేమ్స్ కజిన్స్ ఈ కాలేజీలో పని చేస్తుండగా మదనపల్లెలో ఉండేది.

1917లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు దేశం తిరుగుతూ, రాజకీయ సంస్కరణల మీద ఎవరేం కోరుకుంటున్నారో వింటున్నాడు. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడ్డానికి మహిళల ప్రతినిధి వర్గానికి సమయం ఇమ్మని మార్గరెట్ అడిగింది. రాజకీయ విషయాల మీద తప్ప వేరే విన్నపాలు వినరని జవాబొచ్చింది. అయితే రాజకీయమే అడుగుదామని ఆమె విన్నపంలో ఓటు హక్కు చేర్చింది. ఆ డిసెంబరులో మద్రాసులో సరోజినీ నాయుడు ముందు నడవగా ఆ బృందం మాంటేగును కలిసింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో మొట్టమొదటగా మద్రాసు శాసనమండలి 1921లో, మగవాళ్లతో సమానమైన అర్హతల మీద స్త్రీలకు ఓటిచ్చింది. ఆ అర్హతల్లో ఆస్తి ఉంది కాబట్టి ఓటొచ్చిన ఆడవాళ్లు కొద్దిమందే.

అయినా ఆ వరస చూడండి. బడి అడగడానికి పోతే, ఓటు ఉంటేనే వింటామన్నారు. కాబట్టి ఓటు అడిగారు. మా అక్క ఫోను పెట్టేసిన రెండో రోజు ఇది చదివాను. "జీతమెంత" అని నేనన్న మాట అప్పుడు ఇంకొంచెం చేదుగా గుర్తొచ్చింది.

*

తాలూకా బోర్డులు 1934 నాటికి పోయాయి. స్వాతంత్ర్యం వచ్చింది, ఆస్తి లెక్క లేని ఓటు వచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చి జిల్లా బోర్డుల స్థానంలో కూర్చున్నాయి. 1980లలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. బడి గేటు మీద పేరు ప్రతిసారీ మారింది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అనేవి ఒట్టి పేర్లు కావు. ఈ బడి ఫలానా ఎన్నికైన సంస్థది అని చెప్పే మాటలవి. అవ్వ మాత్రం పాత యజమాని పేరే పట్టుకుంది.

ఇప్పుడు అందరికీ ఓటుంది. కానీ జడ్పీకో మండలానికో వేసే ఓటు బడి గురించి వేసే ఓటు కాదు. రోడ్డు, నీళ్లు, కులం, పార్టీ, పింఛను అన్నీ కలిసిన ఓటది. బడికి వచ్చేసరికి అధికారం శాఖ చేతుల్లోకి, డీఈవో ఆఫీసుల్లోకి పోయింది. తల్లిదండ్రులు మళ్లీ గేటు బయటే ఉన్నారు.

లోపలికి మొదటిసారి చట్టప్రకారం పిలిచింది 1998లో. కుప్పం ఎమ్మెల్యే ముఖ్యమంత్రిగా ఉన్న కాలమది. సాగునీటికి రైతు సంఘాలు, అడవికి వన సంరక్షణ సమితులు, ప్రతి దానికీ ఒక కమిటీ పుట్టిన రోజులు. ఆ వరసలోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ఒక చట్టం వచ్చింది. బడి స్థాయిలో తల్లిదండ్రులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లతో కమిటీ, దాని మీద పంచాయతీకి, మండలానికి, మునిసిపాలిటీకి కమిటీలు, అన్నిటి పైన జిల్లా విద్యా బోర్డు. బోర్డు అనే మాట మళ్లీ వచ్చింది, ఈసారి మెట్ల కింద తల్లిదండ్రులతో.

ఈ చరిత్రలో నాకూ చిన్న పాత్ర ఉంది. మా నాయన ఆ కమిటీలో సభ్యుడు. నేనప్పుడు మూడో తరగతి. నెలకోసారి మా సారు న్యూస్‌పేపరు అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటి నా చేతికిచ్చి, "మీ నాయన దగ్గర పెట్టించుకోని రా" అనేవాడు. అది మినిట్స్ బుక్కు. నేను దాన్ని చంకలో పెట్టుకుని మడికాడికి పరిగెత్తేవాణ్ణి. నాయన నీళ్లు కడుతూ ఉండేవాడు. చేతులు టవలుకు తుడుచుకుని, పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోట సంతకం పెట్టేవాడు. పైన ఏం రాసుందో ఆయన చదవలేదు. చదవడం రాక కాదు, ఆయన ఏడో తరగతి దాకా చదువుకున్నాడు. చదవమని ఎవరూ అనలేదు, నేను కూడా. పుస్తకం తడవకుండా వెనక్కి తీసుకుపోవడమే నా పనని అనుకున్నాను. ఒక్క సమావేశం కూడా జరగని బడిలో ప్రతి నెలా సమావేశం జరిగింది.

మా వృత్తి భాషలో చెప్పాలంటే, నాయనకు రైట్ యాక్సెస్ ఉంది, రీడ్ యాక్సెస్ లేదు. ఇట్లాంటి సిస్టమ్‌ను ఏ ఇంజినీరూ కావాలని డిజైన్ చెయ్యడు. కానీ మన దేశంలో ఇది ఎన్ని ఊళ్లలో చక్కగా నడిచిందో ఈ వ్యాసం చదివేవాళ్లలో కొందరికి తెలిసే ఉంటుంది. నాలాగా ఆ పుస్తకం మోసినవాళ్లు మీలోనూ ఉండొచ్చు.

*

ఇప్పుడున్న కమిటీ 2009 విద్యాహక్కు చట్టం పెట్టింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. సగం మంది ఆడవాళ్లు కావాలి. బలహీన వర్గాల, అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గట్టు చోటుండాలి. తాలూకా బోర్డు గదిలో లేనివాళ్ల జాబితా రాస్తే, ఈ సెక్షన్‌లో చోటిచ్చినవాళ్ల జాబితా అదే అవుతుంది. నూట పాతికేళ్లు పట్టింది.

మన రాష్ట్రంలో కమిటీ పేరు మారుతూ వచ్చింది: విద్యా కమిటీ, తల్లిదండ్రుల కమిటీ, యాజమాన్య కమిటీ. పద్ధతి మాత్రం సులువు. ఒక్కో తరగతి తల్లిదండ్రులు తమలోంచి ముగ్గురిని ఎన్నుకుంటారు. పిల్లలు మరీ తక్కువుంటే ఆ తరగతిని పక్కదానితో కలుపుతారు. సభ్యులంతా కలిసి చైర్‌పర్సన్‌ను, వైస్ చైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటారు. హెడ్‌మాస్టరు కన్వీనరు.

అయితే చేతిలో ఉన్నదేమిటి? బడి పని తీరు చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యడం, వచ్చిన డబ్బు ఎట్లా ఖర్చవుతుందో చూడటం. టీచరును వేసే అధికారం లేదు, తీసే అధికారం లేదు. బడి ఉండాలా పోవాలా అనేదీ కమిటీ చేతిలో లేదు. 2022లో 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లకు తరలించినప్పుడు చాలా ఊళ్లలో తల్లిదండ్రులు గేట్ల ముందు కూర్చున్నారు. కమిటీ ఉన్న చోట కూడా జనం మాట వినిపించడానికి రోడ్డే ఎక్కాల్సి వచ్చింది. మా అక్క వాళ్ల ఊరికి హైస్కూలు దూరం కాబట్టి ఆ బడి మిగిలింది.

అమెరికాలో ఉన్న నా క్లాస్‌మేట్ల వీధుల్లో ఎన్నికలప్పుడు ఇళ్ల ముందు గడ్డిలో స్కూల్ బోర్డు అభ్యర్థుల పేర్లతో అట్టలు గుచ్చి ఉంటాయి. అక్కడ బోర్డుకు ఊరంతా ఓటేస్తుంది, పిల్లలు లేనివాళ్లు కూడా. బోర్డు కోట్ల బడ్జెట్ పాస్ చేస్తుంది, సూపరింటెండెంటును నియమిస్తుంది. మన దగ్గర తల్లిదండ్రులు మాత్రమే ఓటేస్తారు, ఆ కమిటీకి ఆ అధికారాలేవీ లేవు. ఒక్క ముక్కలో మన చరిత్ర ఇది: బోర్డుకు అధికారం ఉన్న రోజుల్లో తల్లిదండ్రులకు సీటు లేదు. తల్లిదండ్రులకు సీటొచ్చే రోజుకు ఆ కుర్చీలో అధికారం లేదు.

ఇది రాసి ఆపేస్తే వ్యాసం బాగా ముగిసినట్టే ఉంటుంది. కానీ పూర్తి నిజం కాదు. రెండు విషయాలు అడ్డం వచ్చాయి.

ఒకటి, 2019 నవంబరు 14న మొదలైన నాడు–నేడు. మొదటి విడతలో 15,715 బడులు. మరుగుదొడ్లు, నీళ్లు, మరమ్మతులు, గోడలు. ఆ పనులను కాంట్రాక్టర్లకు కాకుండా తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. అన్ని చోట్లా బాగా జరిగిందని నేనడం లేదు. కానీ సిమెంటు మూటల లెక్క మన పేరు మీద ఉన్నప్పుడు మనిషి సంతకం పెట్టే పద్ధతి మారుతుంది.

రెండోది, విద్యాహక్కు చట్టంలోనే 22వ సెక్షన్. కమిటీ తయారు చేసే బడి అభివృద్ధి ప్రణాళికే, ప్రభుత్వమో స్థానిక సంస్థో ఆ బడికి వేసే ప్రణాళికలకు, ఇచ్చే నిధులకు ఆధారం కావాలని అందులో ఉంది. ఆ కాగితాన్ని ఏదో నింపాల్సిన ఫారంలా చూస్తారు. చట్టం మాత్రం దాన్ని పునాది అంటోంది. రాసి ఇవ్వకపోతే అడగలేదని లెక్క. రాసిస్తే, ఎందుకివ్వలేదని అడగడానికి ఒక తేదీ, ఒక సంతకం మిగులుతాయి.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకింకో సంగతి కూడా తట్టింది. ఈ 21వ సెక్షన్ ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు బడులకు వర్తించదు. నా కూతురు బెంగళూరులో అలాంటి బడికే పోతుంది. ఫీజు పెరిగినప్పుడు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఏడుపు బొమ్మలు పెట్టుకుంటాం, గడువు లోపల కట్టేస్తాం. నెలకు మా అక్క ఇంటి ఖర్చుకన్నా ఎక్కువ కడుతున్న నాకు నా బిడ్డ బడిలో ఓటు లేదు. అక్కకు ఉంది. గట్టిగా అడిగే అలవాటున్న వాళ్లం, ఇంగ్లీషులో మెయిళ్లు రాసే వాళ్లం, ఓటున్న బడులు వదిలేసి ఓటు లేని బడులకు డబ్బు కట్టి మరీ వెళ్లాం. అక్కడ మిగిలినవాళ్లను పట్టుకుని, కమిటీలు నామమాత్రం అని మనమే వ్యాసాలు రాస్తాం.

మరుసటి రోజు అక్కకు ఫోన్ చేశాను. "నిలబడక్కా" అన్నాను. 22వ సెక్షన్ సంగతి చెప్పాను. సగం విని, "అదంతా సరే, సంతకం పెట్టే ముందర ఆ పుస్తకం చదవనిస్తారా?" అని అడిగింది. నాయన కథ ఆమెకూ తెలుసు.

*

ఎన్నిక 2024 ఆగస్టు 8, గురువారం. తరగతి తల్లిదండ్రుల్లో సగం మందైనా రాకపోతే ఆ తరగతికి ఎన్నిక జరగదు. నాలుగో తరగతిలో 14 మంది పిల్లలు, కాబట్టి 7 ఇళ్ల నుంచి మనుషులు రావాలి. వినడానికి చిన్న లెక్క. టమోటా కోతల రోజుల్లో పూట కూలి వదులుకుని రమ్మనడం చిన్న సంగతి కాదు. ముందురోజు సాయంత్రం అక్క పద్నాలుగు ఇళ్లూ తిరిగింది. "ఒక్క గంట రాండి వదినా, చెయ్యెత్తి పోదురు" అని. ఒకామె, "మేం వస్తే ఏమొస్తాది?" అనిందట. అక్క దగ్గర జవాబు లేదు. ఆమె మాత్రం వచ్చింది.

పార్టీలకు ఈ ఎన్నికతో సంబంధం లేదు. ఊళ్లో పార్టీలున్నాయి కాబట్టి సంబంధం ఉంది. చైర్మన్ ఎవరో ముందురాత్రే రచ్చబండ దగ్గర తేలిపోయింది. నాలుగో తరగతికి మూడు సీట్లు, నలుగురు నిలబడ్డారు. వచ్చినవాళ్లు తొమ్మిది మంది, ఏడుగురు ఆడవాళ్లు. చేతులెత్తారు. అక్కకు ఎనిమిది చేతులు లేచాయి. లేవని తొమ్మిదో చెయ్యి ఎవరిదో నాకు చెప్పింది, రాయొద్దని కూడా చెప్పింది.

ప్రమాణం అయ్యాక, చైర్మన్ ఎన్నిక కూడా అయిపోయాక, మినిట్స్ బుక్కు సంతకాలకు బెంచీ మీదుగా తిరుగుతూ అక్క దగ్గరికొచ్చింది. ఇంటూ గుర్తులు పెట్టే ఉన్నాయట. అక్క పుస్తకం తెరిచి పట్టుకుని, "సార్, ఒకసారి అందరికీ వినపడేట్టు చదువుతాను" అనింది. ఎవరూ వద్దనలేదు. సారు మంచాయన, ఆయనే కుర్చీ జరిపి చోటిచ్చాడట. పేజీన్నర. నాలుగు నిమిషాలు పట్టింది. మధ్యలో ఒక చోట మరుగుదొడ్లకు నీటి సౌకర్యం ఉన్నట్టు రాసుంది. వెనకనుంచి ఒకామె, "యాడుండాయి నీళ్లు?" అనింది. సారు ఆ వాక్యం కొట్టేసి, మోటారు బాగు చేయించాలని రాశాడు.

మోటారు డిసెంబరులో బాగైంది. డిసెంబరు 7న రాష్ట్రమంతా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు జరిగాయి కదా, ఆ పండగకు ముందు అయింది. కమిటీ అడిగితే అయిందా, పండగ వల్ల అయిందా అంటే నేను చెప్పలేను. అక్క మాత్రం, "యెట్లయితేనేం, నీళ్లొచ్చినాయి" అంటుంది.

ఇప్పుడు నెలనెలా ఆ పుస్తకం పేజీ ఫోటో తీసి నాకు పంపుతుంది. ఎవరూ చదవకపోయినా నేనన్నా చదవాలని. మొదటి ఫోటో కింద ఒక వాయిస్ మెసేజ్ ఉంది:

"రేయ్, ప్రతి వాక్యం కొసన 'తీర్మానించడమైనది' అని ఉంది. అంటే ఎవరు తీర్మానించినట్టు రా?"

వ్యాకరణం ప్రకారం ఎవరూ కాదు. ఆ క్రియకు కర్త లేడు. మన ఆఫీసు తెలుగు అంతా ఇట్లాగే, పనులు వాటంతట అవే జరిగిపోయినట్టు ఉంటుంది. ఆ మాట అక్కతో అన్నాను.

తర్వాతి నెల ఫోటోలో చేతిరాత మారింది. గుండ్రటి అక్షరాలు, మా అక్కవి. సారే రాయమన్నాడట. తేదీ, హాజరైనవాళ్ల పేర్లు, అయిదు అంశాలు. ఒక్కో అంశం కింద చివరి మాట: "మేము తీర్మానించినాము."